ముసాఫిర్‌ఖానా ద్వారం మీది అక్షరాలు

జహీరాబాద్ బస్టాండు వెనక వీధిలో బాటసారులు దిగే ముసాఫిర్‌ఖానా ద్వారం మీద ‘బిస్మిల్లా’ వాక్యం అరబ్బీలో నిలువెత్తు అక్షరాలతో ఉంది. దాని కింద ఎడమ మూలన ఇరవై ఏళ్లు నా పేరు ఉండింది. ఆ అక్షరాలు నేను రాసినవి కావు. ఈ మాట నేను ఎప్పుడో చెప్పవలసింది.

నేను బోర్డులు రాసేవాణ్ణి. తెలుగు రాష్ట్రం ఏర్పడి, సర్కారు కచేరీల మీది ఉర్దూ బోర్డులు దింపి తెలుగువి ఎక్కిస్తున్న రోజుల్లో నాకు చేతినిండా పని దొరికింది. దుకాణదారులు మాత్రం తెలుగు కింద ఉర్దూ కూడా ఉండాలనేవారు. ఆ లిపి నాకు చదవడం వచ్చు, రాయడం రాదు. పాత బోర్డు చూసి ఆకారం దింపేవాణ్ణి. ఒకసారి నేను రాసిన అత్తరు దుకాణం బోర్డు చూసి, గాలివానకు పడిపోయిన చెరుకులా ఉందని బజారంతా నవ్వింది. ఆ నవ్వు భరించలేక, ఊళ్లో ఉర్దూ రాతకు గురువైన ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను.

ఆయనకు అప్పటికే అరవై దాటాయి. పెళ్లి కార్డులు, సమాధి రాళ్లు, మసీదు గోడలు రాసిన చెయ్యి అది. ధాన్యం అమ్మే గంజ్ వెనక రెండు గదుల ఇల్లు. నాకు ఇరవై రెండేళ్లు. మొదటిరోజు నన్ను ఆ లిపిలో మొదటి అక్షరం అలిఫ్ రాయమన్నాడు. అలిఫ్ అంటే నిలువు గీత, అంతేకదా అనుకున్నాను. రెండు పక్కలా సన్నటి గీతలు గీసి, మధ్యలో సిరా నింపాను. బోర్డు రాసేవాడికి అదే అలవాటు.

ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఇది రాసుడు గాదు బేటా, గోడ గట్టి సున్నమేసుడు,” అన్నాడు.

తరువాత రెల్లు కలం కొన ఏటవాలుగా చెక్కి చూపించాడు. దాన్ని కాగితానికి ఆనించి లాగితే వజ్రం ఆకారంలో చుక్క పడుతుంది. ఆ చుక్కే కొలత. ఆయన పద్ధతిలో అలిఫ్ ఎత్తు ఏడు చుక్కలు. మిగతా అక్షరాలన్నీ ఆ చుక్కలతోనే కొలవాలి. ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒకే లాగుడులో గీయాలి. నడుమ ఆగితే సిరా ఆ చోటును పట్టిస్తుంది.

నాలుగు నెలలు అలిఫ్ ఒక్కటే రాశాను. శుక్రవారం నమాజు అయ్యాక కాగితాలు తీసుకువెళితే ఎర్ర సిరాతో దిద్దేవాడు.

“నీ అలిఫ్ కల్లు కంపౌండ్ల నించి ఇంటికి వోతున్నట్టున్నది. జర సీదా నిలవెట్టు.”

“నా చెయ్యి తెలుగు చెయ్యి ఉస్తాద్, గుండ్రంగ తిరుగుతది.”

“మంచిదే. నూన్ కాడ అక్కరకొస్తది. గప్పటిదాంక నిలవడ నేర్సుకోనీ.”

నూన్ అనే అక్షరం కడుపు గిన్నెలా లోతుగా తిరగాలి. అక్కడికి చేరడానికి ఏడాది పట్టింది. సీన్ అనే అక్షరం పళ్లు మూడూ సమానంగా రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఆ విద్యలో ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాద్ నోటితో ఇజాజత్, అంటే అనుమతి, ఇచ్చేదాకా శిష్యుడు తన రాత కింద పేరు వేసుకోకూడదు. మా బోర్డుల పనిలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. దానిమ్మ బండి మీద రాసినా మూలన పేరు వేస్తాం, అది చూసే తరువాతి పని వస్తుంది. ఆయన నాకు అనుమతి ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

మూడో ఏడు ఉస్తాద్‌కు ముసాఫిర్‌ఖానా పని వచ్చింది. అప్పటికే ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. పెద్ద కాగితాలు అతికించి నేల మీద పరిచాం. ప్రతి ఉదయం ముఖమూ కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, చెయ్యి స్థిమితపడేదాకా కూర్చుని, ఒకటో రెండో అక్షరాలు రాసేవాడు. కొన్ని రోజులు ఏమీ రాయకుండానే లేచేవాడు. అలా పదకొండు రోజులు పట్టింది. ఒక్క అక్షరంలోనూ వణుకు కనిపించలేదు.

ఆ తరువాతి పని నాది. అక్షరాల అంచుల వెంట సూదితో సన్నటి రంధ్రాలు పొడిచాను. దీన్ని ఖాకా అంటారు. దాన్ని గోడకు పట్టించి, బొగ్గుపొడి మూటతో తట్టితే చుక్కల వరసలు గోడ మీద దిగుతాయి. వాటి మధ్య ఆకుపచ్చ రంగు నింపాను. ఆయన చెప్పిన మాటలోనే, నేను సున్నమేశాను. పరంజా ఎక్కలేక ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు.

రోడ్డు మీద లారీలు ఆపుకుని డ్రైవర్లు తలెత్తి చూసేవారు. కిందినుంచి ఎవరో, “అరె, మన పెయింటరే రాస్తుండు సూడు,” అన్నారు. కాదని అనలేదు. చివరిరోజు పరంజా దిగేముందు మూలన నా పేరు వేశాను. అది చేతి అలవాటని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వేసేముందు ఉస్తాద్ వస్తున్నాడేమోనని వీధి చివరిదాకా చూశాను.

మరునాడు ఆయన రిక్షాలో వచ్చాడు. ముసాఫిర్‌ఖానా కమిటీ పెద్ద ఎదురువెళ్లి, “ఎట్లున్నది ఉస్తాద్? మీ శాగిర్దు ఎంత కమాల్ జేసిండో!” అని శిష్యుణ్ణయిన నన్ను మెచ్చుకున్నాడు. ఈ పని ఉస్తాద్‌కు అప్పగించిన మనిషి అప్పటికి చనిపోయాడు. అతని తరువాత వచ్చిన ఈ పెద్దకు రాత ఎవరిదో తెలియదు.

ఉస్తాద్ చేతికర్ర మీద ఆనుకుని కుడినుంచి ఎడమకు నెమ్మదిగా చదివాడు. చూపు నా పేరు దగ్గర ఆగింది. తరువాత నావైపు తిరిగాడు. ఆ క్షణం నాదే. “ఇది ఉస్తాద్ రాత” అన్న మూడు మాటలు చాలు. నేను కిరసనాయిల్లో కుంచె కడుగుతూ తల వంచుకున్నాను.

“నూన్ మంచిగొచ్చింది,” అని రిక్షా ఎక్కాడు.

శుక్రవారం కాగితాలు తీసుకువెళ్లాను. చూసి, ఒక్క గీతైనా పెట్టకుండా తిరిగిచ్చాడు. రెండో శుక్రవారం కూడా అంతే. మూడో శుక్రవారం నేను వెళ్లలేదు. ఏడాదిన్నరకు ఆయన పోయాడు. సమాధికి మట్టి ఇచ్చేటప్పుడు అందరి వెనక నిలబడి వచ్చేశాను.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ ద్వారం చూసి చిరాగ్‌పల్లి, రాయికోడ్ వైపు నుంచి నాకు పిలుపులు వచ్చాయి. అంత బాగా రాయడం నాకు రాదు. ఆయన ఖాకానే తీసుకువెళ్లి తట్టాను. కాగితం రంధ్రాల దగ్గర చిరిగిపోయేదాకా తట్టాను.

ఈ ఏడు ముసాఫిర్‌ఖానాకు కొత్తగా రంగు వేయాలని, “నువ్వు రాసిందే గద, నువ్వే దిద్దు,” అని నన్ను పిలిచారు. నిచ్చెన ఎక్కి నా పేరు ఎదుట నిలబడ్డాను. కుంచె ఆనించలేకపోయాను. దిగి నేరుగా ఉస్తాద్ ఇంటికి నడిచాను. ఆయన భార్య గడపలో కూర్చుని అల్లం ఆరబోస్తోంది. జరిగిందంతా చెప్పాను.

ఆమె చేతులు ఆపలేదు. “ఆ దినమే జెప్పిండు బేటా. ఆయన రాత నేను గుర్తువట్టనా? నువ్వొచ్చి జెప్తవని శుక్రవారం చూసిండు. మల్ల శుక్రవారం గూడ చూసిండు.”

“కోపం జేసిండా అమ్మా?”

“లేదు. గేటు సప్పుడైతె లేసి కూసునేటోడు.”

నా పేరు గీకి, అక్కడ ఆయన పేరు రాస్తానన్నాను.

“నీ పేరు తీసెయ్. ఆయనది రాయకు,” అంది. “ఇంకా నీకు ఇజాజత్ రాలే.”

గీకేశాను. అక్షరాలకు మళ్లీ రంగు వేసే పని ఇంకొకరికి ఇమ్మని కమిటీకి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. కొందరు నమ్మలేదు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.