కుడి నుంచి ఎడమకు నడిచిన స్టేట్‌మెంటు

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు కాస్త తగ్గింది గానీ, ఇరవై ఏళ్ళప్పుడు నన్ను పలకరించాలంటేనే జంకేవాళ్ళు. నందికొండలో కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. రాళ్ళు మోసే పనికి మా బాపు కల్వకుర్తి దిక్కు నుంచి అక్కడికి వచ్చాడు. నేను మెట్రిక్ పాసై, మహబూబ్‌నగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకుని, ఆ ఆనకట్ట ఆఫీసులోనే టైపిస్టుగా చేరాను. తాత్కాలిక ఉద్యోగం. ఆఫీసు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకని తప్పు ఎక్కడ జరిగినా అందరి చూపూ నా మీదికే వచ్చేది.

నా పని రోజూ ఒకటే. నిన్న ఏ బ్లాకులో ఎంత రాతి కట్టడం లేచింది, ఎంత సిమెంటు పోయింది అన్న స్టేట్‌మెంటును ఇంగ్లీషులో స్టెన్సిల్ కాగితం మీద టైపు చేయాలి. దాన్ని సైక్లోస్టైల్ మిషన్‌కు ఎక్కించి పిడి తిప్పితే కాపీల మీద కాపీలు పడతాయి. వాటిని పది గంటలకు జీపు పెద్దాఫీసుకు తీసుకుపోవాలి. అక్కడివాళ్ళు అవి చూశాకే మర్నాటి సిమెంటు పంపేవాళ్ళు.

జీపు ఏనాడైనా పదికి కదిలితేనా! పదకొండు, ఒక్కోరోజు పన్నెండు. పోనీ ఆలస్యంగానైనా చక్కగా వచ్చేదా అంటే అదీ లేదు. సున్నా కొట్టినచోటల్లా స్టెన్సిల్‌కు చిల్లు పడి కాపీలో నల్లటి మచ్చ తేలేది. బ్లాకు పేర్లు కుడి అంచు దాటిపోయేవి. అంకెలు గీతల మీదికెక్కేవి. సున్నాల సంగతి వారంలో పట్టుకున్నాను, ఆ మీటను మెత్తగా కొడితే సరిపోయింది. మిగతావాటితో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక శనివారం ఇంజనీరు గారు పిలిచారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన.

"చూడమ్మాయ్, నీ మీద నాకు కోపమేం లేదు. సిమెంటు అందక రెండుసార్లు పని ఆగింది. బెజవాడ నుంచి ఒక టైపిస్టును రమ్మన్నాను. ఒకటో తారీఖున వచ్చి చేరతాడు" అన్నారు.

ఏడుపు ఆపుకుని బయటికి వచ్చేశాను. బాపు కూలీల క్యాంపులో కనిపించినవాళ్ళందరితో "మా బిడ్డ కుర్సీల కూసోని పనిజేస్తది" అని చెప్పుకుంటున్నాడు. ఆయన మొహం ఎట్లా చూడను?

సోమవారం పొద్దుటికి ఆ ఏడుపంతా కోపమై హెడ్‌క్లర్కు మీదికి మళ్ళింది. ఆయన చిత్తుప్రతి రాసిస్తే గానీ నా పని మొదలవదు. పింఛనుకు దగ్గరపడిన మనిషి, సర్వీసంతా ఉర్దూ దఫ్తర్లలోనే గడిపాడు. విసవిసా పోయి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"సాబ్, మీరు తొమ్మిదిన్నరకు ఇస్తే నేను పదికల్లా ఎట్ల కొట్టాలె?"

"జర ఆగు బిడ్డా, రాస్తున్న గద" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆగాను. ఆయన చెయ్యి చూస్తూ నిలబడ్డాను. ఫారం కుడి చివర బ్లాకు పేరు రాశాడు. దానికి ఎడమన మొన్నటిదాకా అయిన పని. ఇంకా ఎడమన నిన్నటి పని. అన్నీ కూడి, ఎడమ అంచున మొత్తం వేశాడు.

"గిదేంది సాబ్, కుడి దిక్కు నుంచి రాస్తున్నరు?"

"మరి ఎటు నుంచి రాస్తరు? ముప్పై ఏండ్ల సంది గిట్లనే రాస్తున్న."

అప్పుడు తెలిసింది. ఇంగ్లీషులో రాయమని హుకుం వచ్చినప్పుడు ఆయన, కుడి నుంచి ఎడమకు నడిచే పాత ఉర్దూ ఫారంలో గడుల మీది మాటలు మార్చాడు, గడులను కదపలేదు. మొత్తం ఎడమన మొదటే కనబడేది గనుక పై అధికారులు అదొక్కటే చూసి పక్కన పెట్టేవాళ్ళు. టైపు మిషను మీద నేను కొట్టేది ఎడమ నుంచి. ఆయన కూడికలన్నీ అయ్యేదాకా నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలి. పొడుగు పేర్లు వరస చివర పడి అంచు దాటిపోకుండా ఎట్లా ఉంటాయి?

"మీరు ఆఖరుకు రాసేది నేను మొదలు కొట్టాలె! అందుకే గింత లేటు!" అని అరిచేశాను. ఆఫీసంతా ఇటు తిరిగింది.

ఆయన ఫారం వంకా నా వంకా చూసి కలం కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. "అరె! ఇన్నేండ్లల ఒక్కడన్న చెప్పలె గదా!" అని పకపకా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫారం మార్చాలంటే మంజూరు గావాలె. అది వచ్చేసరికి నేను పింఛనుకు పోత. నువ్వే గడులు తిప్పి కొట్టు బిడ్డా" అన్నాడు.

మర్నాడు ఆఫీసు తలుపు తీయగానే కూర్చున్నాను. ఒక్కో గడి మొదలయ్యేచోట టైపు మిషను దానంతటదే ఆగేలా ఆనవాళ్ళు బిగించాను. పేర్లు, పాత అంకెలు ఎలాగూ ముందటి రోజు కాపీలో ఉన్నాయి, వాటిని, నిన్నటి పని లెక్కలతో సైటు నుంచి వచ్చే చీటీలు రాకముందే కొట్టేశాను. చీటీలు రాగానే హెడ్‌క్లర్కు నా పక్కన నిలబడి "బత్తీస్... ఛప్పన్..." అని ఉర్దూలో అంకెలు చదివాడు. ఆయన చదివింది చదివినట్టు కొట్టుకుంటూ పోయాను. ఈ స్టెన్సిల్ చెడిపోతే ఈరోజు జీపు కదలదు, నా పని ఖతం. ఆఖర్న కుడి చివర మొత్తాలు కొట్టి, స్టెన్సిల్‌ను సైక్లోస్టైల్‌కు ఎక్కించి పిడి తిప్పాను.

మొదటి కాపీ పడింది. నారాయణపేట చీర అంచులా వరసలు తిన్నగా ఉన్నాయి! గడియారం తొమ్మిదింబావు.

జీపు డ్రైవరు ఇంకా చాయ్ తాగుతున్నాడు. "ఏందమ్మా, మీ గడియారమేమన్న ఖరాబైందా?" అన్నాడు.

"నీ చాయ్ సల్లగయితది గానీ నడువు!" అన్నాను.

ఇంజనీరు గారు కాపీ చేతికి తీసుకుని, అలవాటుగా ఎడమన వెతికి, మొహం చిట్లించారు. "మొత్తం ఏదీ? దీన్ని ఎవరు మార్చమన్నారు?"

"నేనే మార్చిన సార్" అన్నాను. "నేనే మార్చుమన్న" అన్నాడు వెనక నుంచి హెడ్‌క్లర్కు.

ఆయన గడియారం చూశారు, కాపీ చూశారు. "రేపు కూడా ఇదే టైముకు వస్తుందా?"

"రోజూ వస్తది సార్!"

వచ్చింది. ఆ వారమంతా జీపు పదికి ముందే కదిలింది, సిమెంటు ఒక్కరోజూ ఆగలేదు. శనివారం ఇంజనీరు గారు మళ్ళీ పిలిచి, నవ్వు ఆపుకుంటూ, "ఒక ఉత్తరం కొట్టుకురా అమ్మాయ్" అన్నారు. బెజవాడకు. ఇక్కడి టైపిస్టు పని బాగా చేస్తున్నది, వేరొకరి అవసరం లేదు, మీరు రానక్కర్లేదు అని.

నాలుగు లైన్ల ఉత్తరం. దానికి మాత్రం అరగంట తీసుకున్నాను. ఒక్కో అక్షరం రుచి చూసుకుంటూ కొట్టాను.