బంకులో వంద అడిగితే: నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా చక్కని దారి ఉంది. మేము మాత్రం చిట్యాల మీదుగా పోయి, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లాం. కారణం పెట్రోలు. నవ్వకండి. మా బండికి సరిపడే పెట్రోలు మా ఊళ్లో దొరకదు.

బండి అంటే పాత సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్. ఇంజన్ కట్టింది మా ఆయన నర్సింహ. నల్గొండలో లేతు షాపు నడుపుతాడు. డ్రాగ్ రేసుల్లో దాన్ని నడిపేది నేను. డ్రాగ్ రేసు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: వంపుల్లేని రోడ్డు మీద రెండు బళ్లు పక్కపక్కన నిలబడి, లైటు పడగానే సూటిగా దూసుకుపోవాలి. మహబూబ్‌నగర్‌లో మేము దిగే పోటీ రెండు వందల మీటర్లే. ఆ కాస్త దూరం కోసం మా ఆయన కంప్రెషన్‌ను పదమూడున్నరకు పెంచాడు. అంటే సిలిండర్ పీల్చుకున్న గాలీ పెట్రోలూ పదమూడున్నరో వంతు జాగాలోకి నొక్కుకుపోతాయి. అంతలా నొక్కితే వేడెక్కిపోయి, మామూలు పెట్రోలు ప్లగ్గు దగ్గర మొదలైన మంట తనదాకా వచ్చేవరకు ఆగదు, తనంతట తానే అంటుకుంటుంది. అప్పుడు ఇంజన్‌లోంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తుంది. పోయిన చలికాలం ఊరి బయట ప్లాట్ల వెంచర్‌లో, యజమానిని అడిగి సాధన చేస్తుంటే ఆ చప్పుడు వినపడింది. నేను యాక్సిలరేటర్ వదిలేలోపే పిస్టన్‌కు చిల్లు పడింది. కొత్తది వేశాం. ఇది కూడా పోతే ఇంజన్ అమ్మేద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఒప్పుకోవడమంటే, ఆయన అన్నాడు, నేను తల ఊపాను. నాకు అమ్మే ఉద్దేశం ఏ కోశానా లేదు.

ఏ పెట్రోలు పోయాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ మా పెళ్లప్పుడు కూడా జరగలేదు. మెథనాల్ పోయమన్నారు కొందరు. అది చల్లగా మండుతుంది, ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. కానీ దాదాపు రెట్టింపు తాగుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్లన్నీ మార్చాలి, పైగా ఒంటికి విషం. చివరికి వంద ఆక్టేన్ పెట్రోలు ఖాయం చేశాం. లీటరు ధర మామూలు దాని మీద ఇంకో సగం ఎక్కువే ఉంటుంది, పెద్ద ఊళ్లలో కొన్ని బంకుల్లోనే పోస్తారు. ఆక్టేన్ ఎక్కువైతే బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది బలం కాదు, ఓర్పు. తొందరపడి అంటుకోకుండా ఎంతసేపు ఆగగలదో చెప్పే అంకె. మా పెళ్లినాడు మా ఇద్దరికీ కొలిచి ఉంటే ఎవరి ఆక్టేన్ తక్కువో అందరికీ తెలిసిపోయేది.

తెల్లవారుతుండగా ఖాళీ ట్యాంకుతో బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, మోకులతో బిగించి బయలుదేరాం. ట్రాలీ సైదులుది. మాకు తెలిసిన డ్రైవరే, రోజు కిరాయికి మాట్లాడుకున్నాం. చిట్యాలలో ఇడ్లీలు తిని హైవే ఎక్కితే, రింగు రోడ్డు దగ్గర మేము అనుకున్న బంకుకు ఎనిమిదింటికల్లా చేరిపోయాం. నేను బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చేసరికి మా ఆయన ట్యాంకు మూత బిగించి, ట్రాలీలో బుద్ధిమంతుడిలా కూర్చుని ఉన్నాడు. అంత నెమ్మదిగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

షాద్‌నగర్ దాటి, జడ్చర్ల దగ్గర జొన్నరొట్టెల హోటల్ కనిపిస్తే ఆగాం. పదకొండు కూడా కాలేదు, అయినా ఆకలేస్తోంది. పొయ్యి దగ్గర ఒక పెద్దమ్మ రొట్టెలు కాలుస్తోంది. రెండో రొట్టె తుంచుతూ మా ఆయన మెల్లగా అడిగాడు.

"అనితా, జర్రంత మామూలుది కలిస్తె ఏమన్న అయితదా?"

"దేంట్ల?"

"ట్యాంకుల."

చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాను. "ఏం చేసినవ్?"

"నేనేం చెయ్యలే. 'వంద కొట్టు తమ్మీ' అన్న. వాడు వంద రూపాయలది మామూలుది కొట్టిండు. వాని తప్పు గాదు, మనం రోజు గట్లనే అంటం గదా. నేను చూసేసరికే పడ్డది. మల్ల దాని మీదనే మూడు లీటర్లు అసలుది పోయించిన."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"తిడ్తవని."

"ఇప్పుడు ముద్దు పెట్టుకుంటననుకున్నవా?"

పొయ్యి దగ్గరి పెద్దమ్మ వెనక్కి తిరిగింది. "తిన్నంక తిట్టు బిడ్డా. రొట్టె సల్లారుతది."

తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. దాదాపు లీటరు మామూలుది, దాని మీద మూడు లీటర్లు మంచిది. ఎంత ఆక్టేన్‌కు పడిపోయిందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. కానీ ఆ మంట ఎండలో, గాలితో చల్లబడే ఇంజన్, ఉన్నది ఒక్క పిస్టన్. చలికాలపు చప్పుడు మళ్లీ చెవుల్లో మోగింది, నిజంగా భయం వేసింది. బంకుకు వెనక్కి పోదామంటే సైదులు తల అడ్డంగా ఊపాడు. "రెండింటికి బండ్ల చెకింగ్ బంద్ చేస్తరంటిరి గదక్కా. పోయి రావాలంటె అందుకోలేం." మా ఆయన ఇంటికి పోదామన్నాడు. నాకు ఒళ్లు మండింది. పెట్రోలు మారకపోతే ఇంజన్‌ను మారుద్దాం అన్నాను.

పోటీ జరిగేది మహబూబ్‌నగర్ దాటాక, ఒక వెంచర్‌లో కొత్తగా వేసిన పొడవాటి రోడ్డు మీద. అక్కడ టార్పాలిన్ నీడలో బండి దించి, ఇంజన్ హెడ్, అంటే సిలిండర్ పైమూత, విప్పమన్నాను. హెడ్డుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే రాగి రేకు గ్యాస్కెట్ ఆయన తన షాపులోనే కోస్తాడు. ఎప్పుడూ ఒకటి అదనంగా పెట్టెలో ఉంటుంది. రెండోది కూడా వేస్తే పైన జాగా పెరిగి కంప్రెషన్ పన్నెండు చిల్లరకు దిగుతుంది. ఆ మాట అనగానే ఆయన ముఖం మాడిపోయింది.

"పదమూడున్నర కోసం ఆర్నెల్లు కష్టపడ్డనే. గిప్పుడు నా చేత్తోని నేనే దించాల్నా?"

"గ్యాస్కెట్ వేస్తవా, ఇంజన్ అమ్ముతవా?"

ఆయన పానా తీసుకున్నాడు. నేను బోల్టులు అందించాను. హెడ్ బిగించాక, నిప్పు కాస్త ఆలస్యంగా పడేట్టు ఇగ్నిషన్ కూడా సర్దాం. చెకింగ్ వరుసలో ఆఖరి బండి మాదే.

లైటు పడింది. క్లచ్ వదిలాను. హెల్మెట్ లోపల నేను చెవులు రిక్కించింది గులకరాళ్ల చప్పుడు కోసమే. మొదటి గేరు, రెండు, మూడు. నిండు గొంతుతో ఒకటే మోత. గులకరాళ్లు లేవు! గీత దాటాక హెల్మెట్‌లోనే గట్టిగా అరిచాను. మొదటి రెండు రౌండ్లు గెలిచాను, మూడోదాంట్లో ఒక్క బండి పొడవు తేడాతో ఓడిపోయాను. ఆ పదమూడున్నర ఉంటే గెలిచేదాన్నేమో. మా ఆయన మాత్రం గెలుపోటముల సంగతి అడగలేదు. చెయ్యి కాలుతున్నా గుడ్డ చుట్టుకుని ప్లగ్గు విప్పి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. పిస్టన్ కరిగి ఉంటే ప్లగ్గు మీద మెరిసే చుక్కలు పడతాయి. ఒక్కటీ లేదు. శుభ్రమైన బిస్కెట్ రంగు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "తిట్టు ఇంక" అన్నాడు. తిట్టాలనిపించలేదు.

తిరుగు ప్రయాణం కల్వకుర్తి, దేవరకొండ దారిలో. పోయినప్పటి కంటే చాలా దగ్గర. చల్లగాలికి సైదులు పక్కన కూర్చుని ఆలోచించాను. మంచి పెట్రోలు అని విడిగా ఒకటి లేదు. ఇంజన్ నొక్కేదానికి ఓర్చుకునేదే దానికి మంచిది. పెట్రోలు ఓర్చుకోలేనప్పుడు ఇంజన్ ఒక మెట్టు దిగాలి. దిగిన ఇంజనే నన్ను మూడుసార్లు గీత దాటించింది. మా ఆయన పంతం దించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి, అందుకే ఆ ఓటమి నాకు పెద్దగా చేదుగా లేదు.

ఇక మీకు ఒక్క సలహా. ఆ పెట్రోలు కోసం వెళితే బంకులో "వంద" అనకండి. మన దగ్గర వంద అంటే రూపాయలే. ఏ పంపులోంచి కావాలో వేలు పెట్టి చూపించండి, లీటర్లలో అడగండి, పైపు ట్యాంకులో పెట్టేదాకా అక్కణ్నుంచి కదలకండి. ఇంజన్ అమ్ముతారా అని మాత్రం మాకు ఫోన్ చేయకండి. అమ్మం.