సామికి కడుపు బిగిసిన ధనుర్మాసం

సామికి కడుపు కదలడం లేదన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి. ధనుర్మాసం, ఇంకా పొద్దు పూర్తిగా పొడవలేదు. నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆమె చేట పట్టుకుని వచ్చి నా ముక్కు కింద పెట్టింది. అందులో నాలుగు గడ్డి పరకలు తప్ప ఏమీ లేవు. "మొన్న పది పెంటికలు రాలినయి, నిన్న నాలుగు. ఇయ్యాల ఒక్కటన్న లేదు పిల్లా. నాకైతే గుండె దడదడ అంటాంది" అంది.

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బు వల్ల బడి మొహం చూడలేదు. బాపు మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే నాకు అక్షరాలు నేర్పాడు (ఆ రుణం ఏ జన్మలో తీరుతుందో దేవుడికే తెలియాలి). ఇంట్లో చదవడం వచ్చిన రెండో మనిషిని నేనే కాబట్టి ఇంటిమీద నిఘా కూడా నా బాధ్యతే అనుకునేదాన్ని. దేవుడి గూట్లో కిస్మిస్‌లు తగ్గితే ముందు అవ్వ వేళ్లు వాసన చూసేదాన్ని, తరవాత బాపు మీసాలు చూసేదాన్ని.

సామి అంటే ఎవరో చెప్పాలి. మా ఊరు హాలియాలో, మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉన్న డాక్టరమ్మ వెంట వచ్చిన జీవి అది. చించిల్లా అంటారు. ఎక్కడో చల్లని కొండల దేశం జాతి. ఎలుక కన్నా పెద్దది, కుందేలు కన్నా చిన్నది, ఒళ్లంతా బూడిద రంగు. బాపు ఒకసారి దాని వీపు నిమిరి, ముప్పై ఏళ్లలో ఇంత సన్నని పోగు తన చేతికి తగల్లేదన్నాడు. మొదటివారం అవ్వ దాన్ని పందికొక్కు కింద జమకట్టి దూరంగా ఉండేది. అయితే అది నీళ్లతో స్నానం చేయదు, బూడిద లాంటి మెత్తని మట్టిలో పొర్లుతుంది. ఎండుగడ్డి తప్ప వేరేది కోరదు. పగలంతా కళ్లు మూసుకుని కూర్చుంటుంది, రాత్రి జాగారం చేస్తుంది. నోరెత్తి ఒక్క మాట అనదు. ఇవన్నీ చూసి అవ్వ ఒకరోజు తేల్చేసింది, ఇది ముందు జన్మలో విభూది పూసుకుని కొండల్లో తపస్సు చేసిన సన్యాసి అని. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు సామి. డాక్టరమ్మ పెట్టుకున్న పేరేదో ఉండేది కానీ అది మాకెవరికీ నోరు తిరగలేదు.

డాక్టరమ్మ చెల్లెలి పెళ్లికని పది రోజులు ఊరికి పోతూ సామిని నాకు అప్పగించింది. ఎనిమిదేళ్ల నుంచి తన వెంట ఉన్న ప్రాణమని చెప్పింది. తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం పంజరానికి అంటించింది: గడ్డి ఎప్పుడూ ఉండాలి, మేత గుళికలు పూటకు ఒక చెంచా, నీళ్లు. తీపి వద్దు, పండు వద్దు, పప్పులు, గింజలు వద్దు. పోయేటప్పుడు నా చేయి పట్టుకుని, "నిన్ను చూసే ధైర్యంగా పోతున్నా" అంది. బయటి మనిషి ఒకరు నన్ను నమ్మి ఒక పని నాకంటూ ఇవ్వడం అదే మొదటిసారి. నేను ఆ కాగితాన్ని రోజూ పొద్దున ఇంటిల్లిపాదికీ వినిపించేలా, స్తోత్రం చదివినట్టు చదివేదాన్ని.

చేట చూడగానే కుంటుతూనే లోపలికి పరుగెత్తాను. సామి మూలకు ముడుచుకుని ఉంది. పళ్లు నూరుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ముందురోజు వేసిన గడ్డి వేసినట్టే ఉంది. బాపు ఫోన్ తీసుకుని డాక్టరమ్మకు చేశాను. ఈ జీవులకు వాంతి కాదట, తిన్నది ముందుకు పోవాల్సిందే తప్ప వెనక్కి రాదట. గడ్డి ఆగితే పేగులు ఆగుతాయట, అవి ఆగితే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుందట. "ఎవరో తీపి పెట్టారమ్మా. ఎవరో కనుక్కో, ఆపించు. నేను బయలుదేరుతున్నా, వచ్చేసరికి ఎల్లుండి అవుతుంది" అంది.

ఎవరో. ఆ ఒక్క మాట చాలు నాకు. మొదట అనుమానించింది పక్కింటి అత్తను. రోజూ సాయంత్రం సామిని చూడ్డానికి వచ్చేది, ఆమె కొంగు ముడిలో పల్లీలు లేని రోజు లేదు. ఆ పూట ఆమె వస్తే గుమ్మంలోనే నిలబెట్టి కొంగు వంక చాలాసేపు చూశాను. ఆమె సర్దుకుని, "ఏందే, నా కొంగుకేమైంది?" అని వెళ్లిపోయింది (తరవాత ఆరునెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు). రెండో అనుమానం అవ్వ మీద, మూడోది బాపు మీద. నాలుగోది మా వీధి పిల్లి మీద కూడా పెట్టుకున్నాను కానీ, పిల్లి తీపి తెచ్చి పెడుతుందని నాకే నమ్మకం కుదరలేదు.

అప్పుడు నాకొక గొప్ప ఉపాయం తోచింది. మగ్గం మీది పట్టుపోగు ఒకటి తెంచి పంజరం తలుపుకు అడ్డంగా కట్టాను. ఎవరు తలుపు తీసినా పోగు తెగుతుంది, పొద్దున దొంగ దొరుకుతాడు. పొద్దున పూజ అయ్యాక చూస్తే పోగు చెక్కుచెదరలేదు, ముడి కూడా ఉన్నచోటే ఉంది. అంటే ఎవరూ తలుపు తీయలేదు. కానీ సామి కడుపు నిన్నటికన్నా బిగుసుకుంది. (నేసేవాళ్ల ఇంట్లో తెగిన పోగు కనిపిస్తే ఎవరి చేయీ ఊరుకోదు, కళ్లు మూసుకునైనా అతికేస్తుంది, అందరి ముడీ ఒకేలా ఉంటుంది అన్న సంగతి, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు.)

ఇక మిగిలింది ప్రమాణం. దేవుడి గూటి ముందు కర్పూరం వెలిగించి అవ్వను, బాపును నిలబెట్టాను. సామికి గడ్డి, గుళికలు, నీళ్లు తప్ప వేరే తిండి పెట్టలేదని ముందు నేను చేయి చాపి చెప్పాను. తరవాత అవ్వ చెప్పింది, తరవాత బాపు. ఇద్దరి గొంతులోనూ రవ్వంత తడబాటు లేదు. నాకు ఏడుపొచ్చింది. దేవుడి ముందు అబద్ధమాడే మనిషి ఈ ఇద్దరిలో ఎవరా అని ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. కొబ్బరికాయ కొట్టి, ముక్కలు చేసి, ఆనవాయితీగా అందరికీ పెట్టాను. గడ్డి ముట్టని సామి కొబ్బరి ముక్క మాత్రం కాస్త కొరికింది. ఆహా, దేవుడు కరుణించాడు అనుకున్నాను.

మధ్యాహ్నానికి సామి తల కూడా ఎత్తలేదు. బాపు నేత ఆపి పోయి సూది తాతను తీసుకొచ్చాడు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి దిగిపోయిన మనిషి. చుట్టుపక్కల బర్రెలన్నీ ఆయన సూది పోటు ఎరిగినవే. సామిని చూసి ముందు ఒప్పుకున్నాడు, ఇలాంటిదాన్ని పుట్టి బుద్ధెరిగి చూడలేదని. డాక్టరమ్మ చెప్పిన పట్నం పశువుల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, చెవి దాని పొట్టకు ఆనించి చాలాసేపు విన్నాడు. నేను నా అనుమానాలన్నీ వరుసగా ఏకరువు పెట్టాను. ఆయన వినీ విననట్టు, "ఎవలు పెట్టిన్రో నాకొద్దు బిడ్డా. పొద్దుగాల లేచిన కాడికెళ్లి నువ్వేం జేసినవో అది చెప్పు" అన్నాడు.

చెప్పాను. ముగ్గు వేశాను, స్నానం చేశాను, దీపం పెట్టాను, తిరుప్పావై పాశురం చదివాను, నైవేద్యం పెట్టాను, హారతి ఇచ్చాను, అందరికీ ప్రసాదం పెట్టాను.

"అందరికీ అంటే?"

"అవ్వకు, బాపుకు, సామికి."

"ఏం ప్రసాదం?"

"కిస్మిస్, కొబ్బరి, పటికబెల్లం." నా నోటితో నేనే అన్నాను. అంటుండగా కూడా నాకు అర్థం కాలేదు. "తీపి ఎందుకు పెట్టినవ్?" అని ఆయన అడిగితే, "తీపి కాదు తాతా, ప్రసాదం" అన్నాను.

ఆయన నవ్వలేదు. అవ్వ వైపు తిరిగాడు. అవ్వ, మధ్యాహ్నం గోవింద నామాలు చెప్పుకున్నాక పుట్నాలు నాలుగే నాలుగు పెడుతుందట, సన్యాసికి పెట్టకుండా తింటే పాపమని. బాపు కూడా ఒప్పుకున్నాడు. గుడి నుంచి తెచ్చే చక్కెర పొంగలి వేలి కొసంత. "దేవుని సొమ్ము, గది తిండి కిందికి ఎట్లొస్తది?" అన్నాడు. డాక్టరమ్మ పోయినప్పటి నుంచి తెల్లవారి ఒకరు, పొద్దెక్కాక ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ముగ్గురం ప్రమాణం చేశాం, ముగ్గురం నిజమే చెప్పాం. నేను తలవంచుకుని గోడకు ఆనుకున్నాను. అవ్వ వేళ్లు వాసన చూసిన పిల్లను, నా వేళ్లకు పటికబెల్లం అంటుకునే ఉంది.

"జర ఆగున్రి, ఎవల్ని ఎవలు అనకున్రి" అన్నాడు తాత. గుళికలు మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, మొన లేని సిరంజితో దాని దవడ పక్క నుంచి చుక్క చుక్కగా ఎలా పట్టాలో నా చేయి పట్టుకుని నేర్పాడు. గంటకొకసారి పొట్ట మెల్లగా నిమిరించాడు. మగ్గం చుట్టూ నాలుగడుగులు నడిపించాడు. ఆ పగలూ మరునాడూ కదలకుండా మా ఇంట్లోనే కూర్చున్నాడు. అయినా మా అవ్వకు ఒక బెంగ పట్టుకుంది, పండగ నెలలో సన్యాసిని ప్రసాదం లేకుండా ఉంచడమా అని. దానికీ ఆయనే దారి చూపాడు. "వినాయకునికి గరిక పెడ్తలేమా అవ్వా? గీ ఎండుగడ్డే దేవుని ముందట పెట్టు, గదే ప్రసాదమని దీనికియ్యి." అవ్వ గడ్డి పరకలకు పసుపు కుంకుమ పెట్టబోతే అది మాత్రం వద్దన్నాడు.

మరునాడు సాయంత్రం హారతి అయ్యాక సామి ముక్కు కదిలించి, నా చేతిలోని పరకను రెండు చేతులతో పట్టుకుని నమిలింది. అంతకుముందే చిన్నవి, వంకరవి, మూడు రాలాయి. ఆ మూడింటిని చూసి మేం నలుగురం చేసిన నమస్కారం బయటివాళ్లెవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో. పొద్దుగూకే వేళకు డాక్టరమ్మ పెట్టె కూడా దించకుండా లోపలికొచ్చింది. అవ్వ ఏదో సర్దబోతుంటే నేనే ముందు చెప్పేశాను, పెట్టింది నేనేనని, ఎవరెవరిని అనుమానించానో కూడా. ఆమె సామిని ఒళ్లో పెట్టుకుని దాని పొట్ట మెల్లగా తడిమి చూసింది. తరవాత, "ఫిబ్రవరిలో మళ్లీ నాలుగు రోజులు పోయేదుంది. ఉంచుకుంటావా?" అంది. ఉంచుకున్నాను. ఆ నాలుగు రోజులూ గడ్డి ప్రసాదం తప్ప సామి మరేమీ ఎరగదు.

డాక్టరమ్మ బదిలీ మీద వెళ్లిపోయింది, సామి మరో మూడేళ్లు ఆమె దగ్గర హాయిగా బతికిందని విన్నాను. ఇప్పుడు మా పాప డబ్బాలో లడ్డూ తగ్గితే నాకు పాత గుణం లేస్తుంది, అడగబోయి ఆగి లోలోపల నవ్వుకుంటాను. సూది తాత మాత్రం ఒక ఎండాకాలం పోయారు. ఆయన నిలబెట్టిన ప్రాణాల్లో ఒక్కదానికీ నోరు లేదు, పోయినచోట ఆయన తరఫున ఒక మాట చెప్పడానికి. అందుకే ఇది చదివిన మీకో విన్నపం. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ ఒక్క క్షణం ఆయన్ను తలుచుకోండి. పేరు అక్కర్లేదు, మా సూది తాత అంటే దేవుడికి తెలుస్తుంది.