రుచి చూసి చెప్పమన్న అయ్యవారు

పిల్లల్ని సొంతంగా ఆలోచించనివ్వాలని ఈమధ్య ప్రతి సభలోనూ చెబుతున్నారు. చెప్పేవాళ్ల చేతిలో కాగితం ఉంటుంది. అది ఇంకొకరు రాసిచ్చింది! నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువు నా తంటాలు నేను పడి నేర్చుకున్నాను. అయినా ఈ విషయంలో ఒక మాట చెప్పే హక్కు నాకుంది.

అరవైల మొదట్లో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా పల్లె బడికి సంగం నుంచి ఒక కుర్ర అయ్యవారు వచ్చారు. పెన్న నీళ్లు తాగి పెరిగిన మనిషి. మా నాన్నలు వల వేసేముందు దోసిట్లో నీళ్లు తీసి, నాలుక మీద వేసుకుని ఉమ్మేయడం చూసి ఆయన ఆశ్చర్యపోయారు. ఉప్పు ఎంత ఎక్కిందో చూసుకుని, ఆరోజు వల ఏ వైపు వెయ్యాలో తేల్చుకుంటారు మావాళ్లు.

మా పుస్తకంలో మాత్రం 'సరస్సులలోని నీరు తియ్యగా నుండును' అని ఉండేది. ఆయన మూడు ముంతల్లో నీళ్లు తెప్పించారు. ఏరు కలిసేచోటివి ఒకదాంట్లో, సముద్రం నీళ్లు లోపలికొచ్చే మొగ దగ్గరివి ఒకదాంట్లో, మా రేవువి మరొకదాంట్లో. ఏది ఎక్కడిదో రుచి చూసి చెప్పమన్నారు.

"ఇది ఏటిది అయ్యవారూ!"

"నీ మొగం! ఏటి నీళ్లు ఇట్టా ఉంటాయా? మీ నాయన వింటే నిన్ను పడవ ఎక్కనీడు," అన్నాడు పక్కవాడు.

"కొట్టుకోబాకండి. ఎందుకో చెప్పండి. పుస్తకంలో ఉండాదని నమ్మబాకండి. నేను చెప్పినానని అసలే నమ్మబాకండి."

అవే నీళ్లు వానల్లో చప్పన, ఎండల్లో ఉప్పన ఎందుకవుతాయో నెలరోజులు వాదులాడుకుని మేమే తేల్చాం. ఆ సంగతి బడుల ఇన్స్పెక్టరు చెవిన పడింది. పుస్తకంలో ఉన్నది చెప్పకపోతే ఉద్యోగం ఉండదని అయ్యవారికి కాగితం పంపాడు. తనిఖీకి వస్తానన్నాడు. ఊరంతటికీ తెలిసింది.

వచ్చాడు. వేలు నావైపు చూపించాడు.

"సరస్సు నీళ్లు ఎట్లా ఉంటాయిరా?"

అయ్యవారి మొహం చూశాను.

"తియ్యగా నుండును," అన్నాను.

ఇన్స్పెక్టరు సంతోషించి, తనిఖీ పుస్తకంలో ఒక వాక్యం రాసి వెళ్లిపోయాడు. అయ్యవారి ఉద్యోగం నిలిచింది.

"మిమ్మల్ని తీసేస్తారని అట్టా చెప్పినాను అయ్యవారూ."

"తీసేస్తే నా తిప్పలు నేను పడేవాణ్ణి గదరా."

కోపం కూడా లేదు ఆ గొంతులో. తనిఖీ పుస్తకం తెరిచి, ఆ వాక్యాన్ని తరగతికంతా చదివి వినిపించారు: 'ఈ బడి పిల్లలకు పాఠము బాగుగా వచ్చినది.'

"ఇది నిజమా, అబద్ధమా? ఎవరు చెప్తారు?"

వెనక నుంచి ఒకడు నా వీపు పొడిచి, "చెప్పరా, తియ్యటోడా," అన్నాడు.

లేచాను. "అబద్ధం, అయ్యవారూ."

"కారణం?"

నాకు ఏడుపొచ్చింది. అది ఆగేదాకా ఆయన ఊరుకున్నారు. ఆగాక మళ్లీ అదే అడిగారు.