ఎల్‌బీ నగర్‌లో తిరగని కారు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను రిటైరై దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను. మలుపుల్లో మా పాత కారు ఊగుతోందని షాక్ అబ్జార్బర్లు మార్పించాలనుకున్నాను. పక్కింటి యాదగిరి వద్దన్నాడు. ఆయనది నల్గొండ, మాది కోస్తా. ఏళ్లనాటి స్నేహం.

"గవి ఎవనికి కనబడ్తయ్ సార్? పెద్ద చక్రాలు ఏపియ్యుండ్రి, బండి రోడ్డును పట్టుకుంటది" అన్నాడు. కాదనలేక అవే వేయించాను.

ఆ వారమే నా భార్యకు కంటి ఆపరేషన్ అయింది. ఇంటికి తెస్తుంటే యాదగిరి తోడొచ్చాడు. ఆవిడ కట్టుతో వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకుంది. ఎల్‌బీ నగర్‌లో రాస్తారోకో.

"వాపస్ తిప్పు, పెద్దాయనా!" అంటూ యువకులు బానెట్ చరిచారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి పెద్ద చక్రం బాడీకి ఒరుసుకుని కారు కదలనంది.

"తిరగడం లేదండీ" అన్నాను. నా యాస వినగానే చుట్టుముట్టారు.

"ఆంధ్రోళ్లా? అన్నా, నువ్వు గూడ గీల్లతోనేనా?" అని ఒకడు యాదగిరిని అడిగాడు.

"నాకేం తెల్వదు తమ్మీ. లిఫ్ట్ అడిగి ఎక్కిన" అంటూ ఆయన దిగి జనంలో కలిసిపోయాడు.

చివరికి ఆ యువకులే కారును వెనక నుంచి ఎత్తి తిప్పారు. "పెద్దమ్మ కంటికి కట్టుంది, జర పైలంగ పో" అన్నారు.

సందుల్లోంచి వస్తుంటే నా భార్య అడిగింది. "లిఫ్ట్ అడిగానన్నది మన యాదగిరి అన్నయ్యగారేనా?"

"కాదు, ఎవరో" అన్నాను.

తర్వాత పాత చక్రాలే బిగించి షాక్ అబ్జార్బర్లు మార్పించాను. కారు ఊగడం మానింది. గేటు దగ్గర యాదగిరి ఇప్పటికీ "నమస్తే సార్" అంటాడు. నేనూ నమస్తే అంటాను, అంతే. బానెట్ చరిచినవాళ్ల మీద నాకు కోపం లేదు. నేనెవరో వాళ్లకు తెలియదు. ఆయనకు తెలుసు.