హనుమాయమ్మ చెవి

హనుమాయమ్మకు అరవై దాటాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ మిరప కల్లాల్లోనే పని. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడును బట్టి ఎండాయో లేదో చెబుతుంది. నల్లపాడు పక్క రైతులు ఆమె సరేనన్నాకే కాయను బస్తాలకెత్తుతారు.

ఆ రైతుల్లో ఒకరైన, ఎమ్మెస్సీ చదివిన రాజేశ్వరికి ఆ తంతు చూస్తే ఒళ్లు మండేది. ఈ ఏడు పట్టుబట్టి తేమ కొలిచే మీటరు కొనిపించింది. ఆ మధ్యాహ్నం అది పది శాతం చూపించింది, అంటే కాయ ఎండినట్టే. నాలుగింటికి కోల్డ్ స్టోరేజీకి లారీ వస్తుంది. తడికాయ బస్తాలకెక్కితే లోపల బూజు పట్టి ఏడాది పంట పోతుంది.

"ఇంకో రెండెండలు పడాలమ్మాయ్," అంది హనుమాయమ్మ.

"మీటరు చూపిస్తోందిగా పిన్నీ."

"దానికి చెవులున్నాయా ఏంటి?"

కూలీలు కిసుక్కుమన్నారు. రాజేశ్వరి పళ్లు నూరుకుంది. ఇది చాలదన్నట్టు కూతురు తేజశ్రీ నోట్సుతో వెంటబడింది. రేపు క్లాసులో 'ఎంపిరికల్' అనే మాట గురించి చెప్పాలట, ఇంటి నుంచి ఒక ఉదాహరణతో సహా.

"ఎన్నిసార్లు చెప్పాలే? గ్రీకు మాట. ఎంపెయిరియా అంటే అనుభవం. పూర్వం కొందరు వైద్యులు సిద్ధాంతాలు పక్కనపెట్టి, రోగి దగ్గర కళ్లారా చూసిందే నమ్మేవాళ్లు. వాళ్లని ఎంపిరిక్కులనేవాళ్లు."

"అయితే గొప్పవాళ్లేగా?"

"తర్వాత ఇంగ్లీషువాళ్లు చదువులేని నాటువైద్యుణ్ణి ఆ పేరుతోనే తిట్టారు. ఇప్పుడేమో సైన్సంతా ఆ మాట మీదే నడుస్తోంది."

"మరి హనుమాయమ్మవ్వ?"

"ఆవిణ్ణి మధ్యలోకి లాగకు," అని విసుక్కుని, రాజేశ్వరి కూలీలకు గోతాలు తెమ్మంది.

హనుమాయమ్మ లేచింది. మొన్నటి ముసురుకు పట్టా కప్పి ఉంచిన రాశి అది. భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి రాజేశ్వరి చెవి దగ్గర ఆడించింది. చప్పుడు లేదు.

రాజేశ్వరి వాటినే మీటరులో వేసింది. పదహారు శాతం. ఇందాక తను కొలిచింది ఎండ తగిలిన పైకాయ.

లారీ ఖాళీగా వెనక్కి పోయింది, డ్రైవరు సణుగుడుతో సహా. కూలీలు రాశిని మళ్లీ కల్లమంతా నెరిపారు.

"అమ్మా, అవ్వ గురించి రాయనా?"

"రాసి చావు. మీటరు తప్పు కాదని కూడా రాయి."

హనుమాయమ్మ కాళ్లతో కాయను చెదరగొడుతూ అడిగింది: "ఆ గ్రీకు వైద్యులు రోగిని పైపైన చూసేవాళ్లా, అడుగుదాకా చూసేవాళ్లా అమ్మాయ్?"

"ఇక చాల్లే పిన్నీ," అంది రాజేశ్వరి. చీర చెంగు దోపుకుని తనూ కాయ నెరపడానికి దిగింది.