డిస్కు బ్రేకులకు పసుపు రాసిన దసరా

1968లో నన్ను విజయనగరానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంత పొడుగు హోదా ఎవరికి కావాలి? జనానికి నేను బ్రేకినస్పెక్టరుని. బండి ఆగుతుందో లేదో చూడడమే నా ఉద్యోగమని వాళ్ళ నమ్మకం. ఆ ఏడాది దసరా వెళ్ళాక వాళ్ళ నమ్మకమే నిజమైంది.

శృంగవరపుకోట దారిలో ఒక దొరగారు ఉండేవారు. జమీందారీలు పోయి చాలా ఏళ్ళయినా ఆ కబురు ఇంకా ఆయన దాకా రాలేదు. యుద్ధానికి ముందునాటి అమెరికా కారు ఒకటి ఆయనకుండేది. ఆ వేసవిలో అనంతగిరి ఘాటీ దిగుతుంటే దాని డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పొగలు కక్కాయి. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె. లోపలున్న రెండు బ్రేకు షూలు దాన్ని ఒరుసుకుని ఆపుతాయి. ఆ వేడి తొందరగా బయటికి పోదు, కాలిన డ్రమ్ము ఎంత తొక్కినా సరిగ్గా పట్టదు. ప్రాణభయంతో దొరగారు బ్రేకులు మార్పించారనుకుంటారేమో, అదేం కాదు. విశాఖపట్నంలో ఆయన బావగారు డిస్కు బ్రేకులున్న విదేశీ కారు కొన్నారు. దొరగారికి అసలు ప్రమాదం అక్కడ కనిపించింది.

వెంటనే ఏదో ముక్కలైన విదేశీ కారు ముందుచక్రాల బ్రేకుల్ని పాతసామాను కొట్లో సంపాదించి, మెకానిక్కు అప్పలస్వామి ముందు పడేశారు. డిస్కంటే దాపరికం లేని ఇనప పళ్ళెం. బ్రేకు ప్యాడ్లు దాన్ని రెండువైపులా పట్టకారులా పట్టుకుంటాయి. గాలి తగులుతుంది కాబట్టి వేడి నిలవదు. అప్పలస్వామి కొత్త బ్రాకెట్లు చేయించి, తొక్కగానే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు మార్చి, డిస్కుల్ని ముందు చక్రాలకు బిగించాడు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాడు. అతని షెడ్డు దొరగారి స్థలంలో ఉంది, పని బాగా చెయ్యక చస్తాడా?

బండిలో ఇలాంటి మార్పు చేస్తే రిజిస్టరు చేసిన అధికారి అనుమతి కావాలి. దానికి ముందు నా తనిఖీ. కాయితం మీద సంతకం పెట్టి పంపమని దొరగారు కబురంపారు. బండి చూడకుండా పెట్టనన్నాను. మర్నాడే తన తల్లిని, అందరూ పెద్దమ్మగారనే ఆవిడని, ఆ కారులో అనంతగిరి తీసుకెళ్ళాలట, ప్రయాణం చెడితే నా పై అధికారికి చెబుతారట. నిరభ్యంతరంగా చెప్పుకోమన్నాను.

తనిఖీకి అప్పలస్వామి నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. దొరగారు వెనక సీట్లో ఊరేగింపుకి బయల్దేరినట్టు కూర్చున్నారు.

"ఒరే అప్పలస్వామీ, ఈయన కాదన్నాడంటే రేపు పొద్దుటికి షెడ్డు కాళీ సేసీ!" అన్నారు.

"అలగే బాబూ," అన్నాడు అతను. గేరు వేశాడు.

వేగం అందుకోమని, నేను రుమాలు ఊపగానే గట్టిగా తొక్కమని చెప్పాను. ఊపాను. తొక్కాడు. కారు మాత్రం ఆగే ఉద్దేశమేదీ కనబరచలేదు. వెనక డ్రమ్ములు చేతనైనంత పట్టుకున్నాయి, నేను చేతిబ్రేకు లాగాను. చివరికి మమ్మల్ని ఆపింది రోడ్డు పక్కన ఆరబెట్టిన గోగు కట్టల కుప్ప. మా శాఖ ఆమోదించిన బ్రేకుల్లో గోగు కట్టలు లేవు.

దొరగారు తలలోంచి గోగు పుల్ల తీసుకుంటూ "షెడ్డు కాళీ!" అని అరిచారు.

నేను దిగి ముందు చక్రం దగ్గర వంగాను. కాలిన బ్రేకు వాసన రావాల్సిన చోట పోపు వాసన వచ్చింది. చక్రం విప్పించాను. డిస్కుకు రెండువైపులా నూనెలో కలిపిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు.

"ఇదేటి బాబూ! నాను బిగించినప్పుడు అద్దంలాగున్నాది!" అన్నాడు అప్పలస్వామి ఏడుపు గొంతుతో.

సంగతి దివాణానికి వెళ్ళాక తేలింది. ఆయుధపూజనాడు కొత్త బ్రేకులు చుట్టాలందరికీ కనబడాలని చక్రాలు విప్పించి, కారును దిమ్మల మీద నిలబెట్టించింది దొరగారే. పూజయ్యాక చక్రాలు బిగించింది పాలేర్లు. అప్పలస్వామిని ఎవరూ పిలవలేదు. తనిఖీ దాకా కారు కదలనూ లేదు.

నూనె ఎవరు రాశారని అడిగాను. పెద్దమ్మగారు ముందుకొచ్చారు.

"నానే రాసినాను. ఏటయిందిప్పుడు? ఏటేటా డ్రమ్ములికి రాత్తన్నాను, ఎప్పుడేనా ఆగకుండా పోయిందా? కొత్త ఇనుము తుప్పట్టదేటి? రెండుపక్కలా దట్టంగా పట్టించినాను."

నిజమే. డ్రమ్ము ఒరుసుకునేది లోపల, పూజ జరిగేది బయట. ఇన్నేళ్ళూ భక్తీ బ్రేకూ ఒకదాని జోలికి ఒకటి పోలేదు. ఆ మాటే ఆవిడకు విడమరిచి చెప్పాను. బండి ఎందుకు ఆగలేదో నివేదికలో రాయాలని, అందులో మెకానిక్కు తప్పేమీ కనిపించలేదని కూడా చెప్పాను. దొరగారు గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

 పెద్దమ్మగారు కొడుకు వైపు తిరిగారు.

"రేపు నన్నే కదరా ఇందులో కొండెక్కించీవోడివి? దిగినప్పుడు నా సేత్తో నానే సచ్చిపోదును. ఆడి షెడ్డు ఆడికుంటాది. నువ్వు నోరుముయ్యి."

అప్పలస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకూ ఆవిడ మీద గౌరవం కలిగింది, ఆ ఇంట్లో ఇంకెవరి మీదా కలగలేదు.

నూనె తాగిన ప్యాడ్లు మళ్ళీ వాడడానికి నేను ఒప్పుకోలేదు. ఆ రకం కొత్త ప్యాడ్లు మద్రాసులోనూ దొరకలేదు. పాత డ్రమ్ములే మళ్ళీ ఎక్కాయి. దొరగారు బావగారితో మాత్రం డిస్కులు తనకు నచ్చక తీయించేశానని చెప్పుకున్నారట.

రిటైరయ్యే దాకా, బ్రేకులు మార్చిన బండి తనిఖీకి వస్తే నేను ముందుగా అడిగింది ఒకటే: "పూజయిందా?" అయిందంటే చక్రాలు విప్పించేవాణ్ణి. విప్పడానికి ఒప్పుకోని వాళ్ళ బండి ఎక్కేవాణ్ణి కాదు.